సెల్లార్ అంచున

ఫిల్మ్‌నగర్‌లో బాలనర్సయ్య మాస్టర్ ఇంటి పక్క స్థలంలో సృజన్ అనే బిల్డర్ ఐదంతస్తులు, పది ఫ్లాట్లు లేపుతున్నాడు. ఆ సందులో అన్నీ ఒకటి రెండంతస్తుల ఇళ్లే. పది ఫ్లాట్లకు కార్లు పెట్టుకోవాలి కదా, అందుకని సెల్లార్. చుట్టూ వదలాల్సిన జాగా వదలకుండా, మాస్టర్ ప్రహరీ గోడ పక్కన మనిషి పడుకునేంత నేల మాత్రం మిగిల్చి, బండ పగలగొట్టి తవ్వేశాడు మహానుభావుడు. మాస్టర్ వంటింటి గోడ పైనుంచి కిందిదాకా చీలింది. మునిసిపల్ ఆఫీసు చుట్టూ ఎంత తిరిగినా వాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుపోయారు, అంతే.

ఆ పొద్దున ముసలాయనకు తిక్క రేగింది. గునపం పట్టుకుని వెళ్లి, బండ కొట్టే మిషను అద్దం బద్దలు చేశాడు. డ్రైవర్ నుదుట గాజు పెంకులు గుచ్చుకుని రక్తం కళ్లలోకి కారింది. అడ్డొచ్చిన సూపర్‌వైజర్ మోచేయి విరిగింది.

"నా ఇల్లు గూలితే మీ ఒక్కొక్కని బొక్కలిరుగుతయ్!" అని మాస్టర్ అరిచిన అరుపు సందు చివరిదాకా వినిపించింది.

సృజన్ పోలీసులను పిలవలేదు. పిలిస్తే తన తవ్వకం సంగతీ బయటపడుతుంది. కృష్ణానగర్ నుంచి నలుగురు ఫైటర్లను పిలిపించాడు. సినిమాల్లో హీరో చేతిలో తన్నులు తిని బతికేవాళ్లు, షూటింగులు లేక ఖాళీగా ఉన్నారు. ఎవరిని బెదిరించాలో కూడా అడక్కుండా బండెక్కారు, సిగ్గులేని జన్మలు. అందులో నవీన్ ఒకడు. గొయ్యి అంచున గునపంతో నిలబడ్డ మనిషిని చూడగానే వాడి కాళ్లు ఆగిపోయాయి. ఒకప్పుడు ఫైట్ మాస్టర్‌గా వాడికి కొట్టినట్టు కొట్టడం, పడినట్టు పడటం నేర్పింది ఆ బాలనర్సయ్యే.

మిగతా ముగ్గురికీ ఆయనెవరో తెలియదు. ఒకడు ఇనప చువ్వతో భుజం మీద కొట్టాడు. మాస్టర్ గునపం తిప్పి వాడి మోకాలి చిప్ప పగలగొట్టాడు. రెండోవాడు వెనకనుంచి జుట్టు పట్టి ఆయన ముఖాన్ని ప్రహరీ గోడకేసి బాదాడు. రెండు పళ్లు రాలాయి, గునపం జారిపోయింది. అయినా ముసలాయన లొంగలేదు, వెనక్కి తిరిగి వాడి చెవి కొరికి ఊశాడు. మూడోవాడు తలకు గురిపెట్టి చువ్వ ఎత్తాడు. అది దిగితే మనిషి మిగలడు.

"జరుగుండ్రి, నేను జూసుకుంట!" అని నవీన్ వాళ్లను నెట్టేసి మాస్టర్ కాలర్ పట్టుకున్నాడు. గోడకు అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మాస్టర్ భార్య బాలమణి గుండెలు బాదుకుంటోంది.

"మాస్టర్, కొట్టినట్టు జేస్త. పడిపోండ్రి. మీరు పడితె వీళ్లు ఇడిసిపెడ్తరు," అన్నాడు నవీన్ గొంతు తగ్గించి.

మాస్టర్ వాచిన కంటితో వాణ్ణి గుర్తుపట్టాడు. "చెయ్యి గట్టిగ ఊపురా. నమ్మాలె," అన్నాడు నెత్తుటి నోటితో.

నవీన్ పిడికిలి ఆయన దవడకు జానెడు దూరంలో ఆగింది. సగం మనసుతో పడటం బాలనర్సయ్యకు బతుకులో చేతకాలేదు. ఒళ్లంతా వదిలేసి వెనక్కి పడ్డాడు. వెనక నేల ఉందనుకున్నాడు, ఉంది కూడా. కానీ దాని కింద మట్టిని సృజన్ మనుషులు ఎప్పుడో తోడేశారు. ఆ నేల ఆయనతో సహా విరిగి గొయ్యిలోకి జారిపోయింది. అడుగున పగిలిన బండల మీద తల చిట్లింది.

సందులో ఆగి ఉన్న సృజన్ కారు మాయమైంది. ముగ్గురూ ఒకరినొకరు ఈడ్చుకుంటూ పారిపోయారు. నవీన్ ఒక్కడే మోచేతులు చెక్కుకుపోతున్నా కిందికి జారి, ఆ తలను ఒళ్లో పెట్టుకున్నాడు. ఊపిరి లేదు. వాడు పశువులా ఏడ్చాడు.

బాలమణి పైన గోడ పట్టుకుని చూస్తోంది.

"నేను కొట్టలే అమ్మా! నా చెయ్యి అంటనే లేదు, ఒట్టు!"

"చూసిన. నువ్వు కొట్టలే," అంది బాలమణి. "పడుమంటివి. పడ్డడు."