అంచు తగిలితే వెనక్కి

అన్న పిల్లల్ని బడికి పంపి, అంట్లు తోమి, బట్టలు ఆరేశాక గానీ చెల్లెలికి లాప్‌టాప్ ముందు కూర్చునే తీరిక దొరికేది కాదు. అన్న ఇంట్లో ఉంటున్న మనిషికి ఆ మాత్రం పని తప్పుతుందా అనేది వదిన. కాదనేవాళ్ళెవరూ లేరు.

బొమ్మలు గీసే ప్రోగ్రామింగ్ లైబ్రరీతో తెర మీద వృత్తాన్ని కదిలించడం ఆమెకి అన్నే నేర్పాడు. పాతది తుడిచెయ్యాలి, ఒక్క పిసరు పక్కన కొత్తది గీయాలి, మళ్ళీ తుడవాలి. "అంచు తగిలితే వెనక్కి తిప్పడం మాత్రం మర్చిపోకు. లేకపోతే పోయింది పోయినట్టే," అన్నాడు. ఆమె మర్చిపోలేదు. అలా గీసిన పళ్ళెమంత నీలం సున్న ఒకరోజు తెర దిగి గోడల మీద, నేల మీద తిరగడం మొదలుపెట్టింది. వదిన చీపురు పక్కకి తీసి దానికి దారిచ్చేది.

చిక్కల్లా ఒక్కటే. సున్న అంచుని వదిలేసి కేంద్రాన్ని లెక్కలోకి తీసుకోవడంతో, అది గోడలోకి సగం దూరాక గానీ తిరిగేది కాదు.

"మీ సున్న మా పడగ్గదిలోకి తొంగి చూస్తోందమ్మా," అంది పక్కింటావిడ.

చెల్లెలు సిగ్గుపడి ఆ లెక్క సరిచేసింది.

కార్టూన్లు తీసే స్టూడియోవాళ్ళకి ఈ సంగతి తెలిసింది. సున్నని వెంటబెట్టుకుని రమ్మన్నారు. నచ్చితే ఉద్యోగం, ఉండడానికి గది కూడా. ఆ రోజు ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. అన్న మాత్రం భోజనం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు ఇస్త్రీ బట్టలు వేసుకుని బయల్దేరింది. పక్కనే దొర్లుతూ వచ్చిన సున్న గుమ్మం తగలగానే వెనక్కి తిరిగింది. ఆమె పిలిచింది. అది మళ్ళీ వచ్చి మళ్ళీ తిరిగింది. అనుమానమొచ్చి లాప్‌టాప్ తెరిస్తే, ప్రోగ్రాములో తాను రాయని లైను ఒకటి కనపడింది. గుమ్మమే అంచు అని ఉంది. ఆ ఇంట్లో అలా రాయగలిగేది ఇంకొక్కరే.

"అన్నయ్యా, ఇది నువ్వు రాశావా?"

అన్న చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాడు. "నువ్వెళ్ళిపోతే పిల్లల్నెవరు చూస్తారు? మీ వదిన ఒక్కతే ఎంతని చేసి చస్తుంది?"

"ఉండమని అడిగుంటే ఉండేదాన్నేమో."

అతను ఇంకా చెప్పులే వెతుకుతున్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ లైనుతో పాటు, అన్న నేర్పిన అంచుల లైన్లన్నీ చెరిపేసింది. సున్న గుమ్మం దాటింది, వీధి దాటింది, స్టూడియో మలుపు దగ్గర కూడా తిరగకుండా సూటిగా పోయింది. ఆమె ఆగమని అరుస్తూ దాని వెనకే పోయింది. స్టూడియోవాళ్ళు మధ్యాహ్నం దాకా చూసి ఇంకొకర్ని పెట్టుకున్నారు. ఆమె తిరిగి రాలేదు.

లాప్‌టాప్ టేబుల్ మీదే ఉండిపోయింది. అంట్లు తోమడం అన్న వంతుకొచ్చింది. చేతులు తుడుచుకుని వచ్చి, చెల్లెలి ప్రోగ్రాములో వెనక్కి రమ్మని రకరకాలుగా రాసి చూసేవాడు. రన్ చేసినప్పుడల్లా కొత్త సున్న ఒకటి తెర దిగేది. ఇప్పుడు ఇంటినిండా అవే. వదిన చూసుకుని అడుగేస్తుంది.

చీకటి పడుతోందని ఆవిడ తలుపు వెయ్యబోతే అతను వద్దంటాడు. తెరిచి ఉన్న గుమ్మం దాకా దొర్లివచ్చి, సున్నలు ఒక్కొక్కటే వెనక్కి తిరుగుతుంటాయి.