తీరం వాళ్ళ నెత్తురు

క్లెమెంట్ తామోక్‌కి ఏటా వానాకాలంలో మూడుసార్లు మలేరియా వస్తుంది. ఈ సంగతి అతని భార్య ఫిలోమినాకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

సముద్రం ఒడ్డునున్న మడాంగ్ ఊళ్ళో భూముల ఆఫీసులో అతను రికార్డుల గుమాస్తా. ఆ ఆఫీసులో శుక్రవారం జీతాలు వస్తాయి, సోమవారం సగం మందికి మలేరియా వస్తుంది. మంగళవారం పొద్దునకల్లా ఏ మందూ లేకుండానే దిగిపోతుంది. అందరూ రాని మలేరియాకి సెలవు పెట్టే చోట, వచ్చిన మలేరియాకి క్లెమెంట్ ఒక్కడే పంటినొప్పని రాసి సెలవు పెడతాడు. అతని సెలవు ఫైలు ప్రకారం ఇప్పటికి ఎనభై ఒక్క పళ్ళు నొప్పి పెట్టాయి. ఇన్నేళ్ళుగా ఎవరూ నోరు తెరిపించి చూడకపోవడం ఆ ఆఫీసు మంచితనం.

ఇంత దాపరికానికి కారణం వంశం. వాళ్ళది ఊరికి ఎదురుగా పడవలో పది నిమిషాలు పట్టే ద్వీపం. తీరం వాళ్ళ నెత్తురు మలేరియాకి లొంగదని, అందులోనూ తమ వంశానిది అసలే లొంగదని అక్కడి వాళ్ళ గొప్ప. కొండల మీది నుంచి ఉద్యోగాలకి దిగొచ్చిన వాళ్ళు దోమతెరలో పడుకుని కూడా వణుకుతుంటే, వీళ్ళు జాలిగా చూసి నవ్వుతారు. ప్రభుత్వం ఊరికే ఇచ్చిన దోమతెరలతో వీళ్ళు చిన్నచేపలు పడతారు.

క్లెమెంట్ ఆ వంశానికి పెద్ద. సభ ఇంట్లో బల్ల చివర కూర్చునేది అతనే. అతను మాట్లాడేదాకా, అందరికంటే పెద్దదైన మార్తా ముసలమ్మ తప్ప ఇంకొకరు నోరు విప్పరు. ఇంట్లో ఫిలోమినా, ఆఫీసులో పై అధికారి అతని మాట పూర్తి కానివ్వరు కాబట్టి, ఆ బల్ల చివర మూరెడు చోటు మీద అతనికి ప్రాణం. మూడు నెలల్లో వంశం పేర్ల జాబితా ఆఫీసులో నమోదు కావాలి. మొదటి పేరు ఎవరిదైతే వాళ్ళే ఇక పెద్ద, వాళ్ళ తర్వాత వాళ్ళ కొడుకులు.

అయితే ఒక చిక్కుంది. యుద్ధంలో జపాన్ సైనికులు దిగినప్పుడు క్లెమెంట్ నాయనమ్మ కొండల్లోకి పారిపోయింది. ఆమె మొగుడు అప్పటికే మూటలు మోయడానికి సైన్యం వెంట ఎటో పోయాడు. ఏడాదిన్నర తర్వాత ఆమె చంకలో నెలల పిల్లాడితో తిరిగొచ్చింది. ఆ పిల్లాడే క్లెమెంట్ తండ్రి. ఆ నెలలు ఎన్నో ద్వీపంలో ఎవరూ పైకి లెక్కపెట్టలేదు. మనసులో లెక్కపెట్టని వాళ్ళూ లేరు. జ్వరం వచ్చినప్పుడల్లా క్లెమెంట్ కూడా లెక్కపెట్టేవాడు.

ఇలాంటి సమయంలో రక్తం తీసేవాళ్ళు పడవ దిగారు. వాళ్ళతో వచ్చిన నర్సు డెల్మా కొండల అమ్మాయి. ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి నాన్నది ఏ ఊరు, అమ్మది ఏ ఊరు, తాతలదీ నాయనమ్మలదీ ఏ ఊరు అని అడిగి రాసుకుంది.

"ఏమే పిల్లా, మలేరియా చూడ్డానికొచ్చావా, సంబంధం చూడ్డానికొచ్చావా?" అంది మార్తా ముసలమ్మ.

"ఏ వంశం నెత్తురు మలేరియాని ఎంత తట్టుకుంటుందో చూస్తున్నాం మామ్మా."

"తాతలెవరో చెప్తే దోమ కుట్టడం మానేస్తుందా?" అన్నాడు క్లెమెంట్.

అప్పుడు అలోయిస్ ముందుకొచ్చాడు. బళ్ళో హెడ్మాస్టరు, యుద్ధం నుంచి తాత తిరిగొచ్చాక పుట్టిన చిన్నాన్న కొడుకు. జాబితాలో రెండో పేరు. పదకొండేళ్ళుగా క్లెమెంట్ తూర్పంటే అతను పడమర అంటున్నాడు.

"పోనీలే అన్నా, విజ్ఞానం కదా. మనకి దాచుకునేదేముంది?"

అలోయిస్ 'అన్నా' అని మెత్తగా పిలిచిన రోజు క్లెమెంట్‌కి అన్నం దిగదు. ఇంటికొచ్చి ఫిలోమినాతో అన్నాడు.

"ఈ రక్తం పని వాడే తెప్పించాడు. నెత్తురులో మా తాత ఎవరో తేలితే నన్ను బల్ల మీంచి దింపుతాడు."

"బళ్ళో సుద్దముక్కలు తెప్పించలేని వాడు డాక్టర్లని తెప్పిస్తాడా?" అంది ఫిలోమినా.

"నీకు తెలీదు. వాడు నవ్వాడు."

ఆ సాయంత్రమే క్లెమెంట్ రెండు చేప డబ్బాలు తీసుకుని బెన్నో ఇంటికి వెళ్ళాడు. బెన్నో పెళ్ళికాని జాలరి, వరసకి తమ్ముడు. జ్వరం అంటే ఏమిటో తెలియని శరీరం. వంశం గొప్పకి నిలబెట్టి చూపించగల సాక్ష్యం అతనొక్కడే.

"నా పేరు మీద నువ్వు రక్తం ఇవ్వాలిరా తమ్ముడూ. నాకు సూదంటే పడదు."

"నీ పేరు నాకు తెలుసులే అన్నా. పుట్టిన తేదీ చెప్పు," అన్నాడు బెన్నో. ఇంకేమీ అడగలేదు. అతని అరుగు మీద అప్పటికే నాలుగైదు చేప డబ్బాలు వరసగా ఉన్నాయి. రోజూ తాజా చేప తినేవాడికి డబ్బా చేప ఎందుకని క్లెమెంట్‌కి అనుమానం వచ్చింది. కానీ ఆ సమయంలో అతని అనుమానమంతా అలోయిస్ మీదే ఖర్చైపోయింది. రక్తం తీసేవాళ్ళు మూడు రోజులు, మూడు చోట్ల కూర్చున్నారు. బెన్నో దగ్గర టోపీలు చాలా ఉన్నాయి.

రెండు నెలల తర్వాత డెల్మా ఫలితాలతో వచ్చింది. ఆ రోజు క్లెమెంట్‌కి జ్వరం రెండో రోజు. లోపల రెండు చొక్కాలు, పైన ఆఫీసు కోటు వేసుకుని బల్ల చివర కూర్చున్నాడు. మిగతావాళ్ళు ఎండకి విసనకర్రలు ఊపుకుంటున్నారు.

"ఎవరి ఫలితం వాళ్ళకి విడిగా చెప్తాం," అంది డెల్మా. "కానీ ఒక మాట అందరి ముందూ అడగాలి. ఈ వంశం మగవాళ్ళవి నాలుగు గొట్టాల్లో ఒకటే నెత్తురు ఉంది. మీలో కవలలు ఉన్నారా?"

"నలుగురు కవలలా?" అంది మార్తా ముసలమ్మ. "నాకు తెలీకుండా ఎవరు కన్నారే?"

బెన్నో లేచి పడవ కట్టు చూసొస్తానని వెళ్ళిపోయాడు.

నాలుగు. క్లెమెంట్ మనసులో ఒకటి బెన్నోకి, ఒకటి తనకి తీసేశాడు. ఇంకా రెండు మిగిలాయి. మెల్లగా తల తిప్పాడు. అలోయిస్ తన కాలి బొటనవేలిని శ్రద్ధగా చూసుకుంటున్నాడు. అతని పక్కన, జాబితాలో మూడో పేరైన ఇగ్నాస్ ఇంటి కప్పుని చూస్తున్నాడు. ప్రార్థనలో కూడా కళ్ళు మూయకుండా పక్కవాళ్ళని చూసే మనుషులు, ఆ పూట ఒక్కరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు.

"ఇంకోటి," అంది డెల్మా. "ఇక్కడ కొంతమందికి నెత్తురులో కణాలు గుండ్రంగా కాకుండా కోలగా ఉంటాయి. అలా ఉంటే మలేరియా తలకెక్కి ప్రాణం తీయదు. అంతేగానీ జ్వరమే రాదని కాదు. కణం చూసి ఎవరు ఏ వంశమో చెప్పలేం. ఈ ద్వీపంలో పుట్టినవాళ్ళల్లో చాలామందికి అవి లేవు."

ఆ చివరి మాటలు ఎవరికీ ఎక్కలేదు. అందరూ నాలుగు దగ్గరే ఆగిపోయారు. ఇప్పుడు పెద్ద మాట్లాడాలి. అతను మాట్లాడితేగానీ ఇంకొకరు మాట్లాడకూడదు.

నిజం చెప్పేస్తే అని క్లెమెంట్ ఒక్క క్షణం అనుకున్నాడు. చెప్తే మిగతా ఇద్దరూ చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. అలోయిస్ అయితే ముందు అతన్ని చెప్పనిచ్చి, తర్వాత నోరు మూసుకునే రకం. బల్ల అంచు పట్టుకుని లేచాడు. జ్వరానికి ఒళ్ళంతా ఊగిపోతోంది.

"గొట్టాలు మీ దగ్గరే కలిసిపోయాయి," అన్నాడు. "పెద్ద ఆఫీసుల్లో జరిగేదే. నేను ముప్ఫై ఏళ్ళుగా రికార్డులు చూస్తున్నాను. మా నెత్తురు మళ్ళీ ఇవ్వం."

"అన్న చెప్పింది అక్షరాలా నిజం," అన్నాడు అలోయిస్, అతని మాట ఆగీ ఆగకముందే.

"అదే మాట," అన్నాడు ఇగ్నాస్.

కోపంతో ఎలా వణికిపోయాడో చూశారా, పెద్దరికమంటే అదీ అని వెనక వరసలో ఎవరో అన్నారు. జాబితాలో మొదటి పేరు ఎవరిదో ఇంక అడగక్కర్లేదు.

డెల్మా క్లెమెంట్ కోటుకేసి కాసేపు చూసింది. "సరే బాబాయ్. పడవ రెండింటిదాకా రేవులో ఉంటుంది. జ్వరమున్నవాళ్ళకి మాత్రలిస్తాం. పేరు అడగం."

క్లెమెంట్ ఇంటికొచ్చి దుప్పట్లో దూరాడు. ఫిలోమినా గొడుగు తీసుకుని వెళ్ళింది. వెళ్ళిన మనిషి గంటదాకా రాలేదు.

"రేవు ఇంత దూరమా?" అన్నాడు పళ్ళు టకటకలాడిస్తూ.

"రేవు దగ్గరే. వరసే పొడుగు." మాత్రలు చేతిలో పెట్టింది. "అలోయిస్ పెళ్ళాం నాకంటే ముందుంది."

క్లెమెంట్‌కి మాత్ర వేసుకోకముందే సగం జ్వరం తగ్గింది. "ఎవరికోసమట?"

"ఇంటికి కొండల చుట్టాలొచ్చారట."

"చుట్టాలా? వాడి నెత్తురు మీద నాకు ఎప్పట్నుంచో అనుమానం. మరి నువ్వేం చెప్పావు?"

"మా పిన్నికి అన్నాను."

"నమ్మిందా?"

"నేను ఆవిడని నమ్మినంత నమ్మింది."

క్లెమెంట్ దుప్పటి కప్పుకునే లేచి, అలోయిస్ ఇంటివైపు ఉన్న కిటికీ మూయడానికి వెళ్ళాడు. అవతల వాళ్ళింటి కిటికీ, మిట్టమధ్యాహ్నం అంత ఎండలో, అప్పటికే మూసి ఉంది.