చెక్క బూటులో మాణిక్యాంబ పాదం

నేను ఒక చెక్క బూటుని, కుడికాలిదాన్ని. అమెరికాలో డచ్చివాళ్ళు వలస వచ్చి కట్టుకున్న చిన్న ఊళ్లో హెంక్ అనే ముసలాయన నన్నూ నా జతనీ ఒకే దుంగలోంచి తొలిచి తీశాడు. మొదట ఒక అమ్మాయి నన్ను తొడుక్కుని డాన్సులు చేసింది. ఆమె పాదం పెరిగింది, నేను పెరగలేకపోయాను. అలా మార్గ్రెట్ గారి కొట్లో, ఫొటోల కోసం అద్దెకిచ్చే బూట్లలో చేరాను.

మా ఊళ్లో ఏటా వసంతంలో టులిప్ పూల పండగ. ఈసారి ఎండలు ముందే ముదిరి, పండగ నాటికి పూలన్నీ రాలిపోయాయి. జనం మాత్రం తగ్గలేదు. ఉత్త కాడల పక్కనే నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగారు.

షికాగో నుంచి పట్టుచీరలో మాణిక్యాంబ, ఆవిడ వెనకే భర్త శేషగిరి కొట్లోకి వచ్చారు.

"పోయిన వారమే వద్దామన్నాను. మీకు క్రికెట్ మ్యాచ్ ముఖ్యం!"

"పూలు నన్నడిగి రాలాయా?"

కనీసం బూట్లతోనైనా ఫొటో ఉండాలని ఆవిడ నాలో కాలు దూర్చింది. కారు ప్రయాణానికి వాచిన కాలు. లోపలికైతే వెళ్ళింది, బయటికి రానంది. మార్గ్రెట్ సబ్బు రాసింది, వెన్న రాసింది. ఊహూఁ.

గాలి తగిలితే వాపు తీస్తుందని ఆవిడని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అప్పుడే వీధిలో, ఊరేగింపుకి ముందు రోడ్డు కడిగే వేడుక మొదలైంది. పాతకాలపు డచ్చి దుస్తుల్లో మగవాళ్ళు బకెట్లతో నీళ్ళు కుమ్మరిస్తున్నారు. శేషగిరి నన్ను రెండు చేతులా పట్టుకుని బలంగా లాగాడు. వెన్న చేతులు జారి, వెల్లకిలా ఆ నీళ్లలో పడ్డాడు. అదీ వేడుకలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఆయన చేతికి చీపురందించారు.

మాణిక్యాంబ పొట్ట పట్టుకుని నవ్వుతూ ఫోను తీసింది. "కానివ్వండి! ఇంట్లో ఎలాగూ పట్టరు."

ఆయన ఉక్రోషంగా మొదలుపెట్టి, చప్పట్లకు లొంగిపోయి, వీధి చివరిదాకా ఊడ్చాడు.

నేను ఎంతకీ ఊడి రాకపోయేసరికి మా జతని కొనేశారు. కారెక్కి కూర్చోగానే నేను తేలిగ్గా ఊడొచ్చాను.

"కొన్నాక ఊడిందేం?" అన్నాడు శేషగిరి.

"దానికి కొట్టు మీద అభిమానం కాబోలు," అంది ఆవిడ.

ఇప్పుడు షికాగోలో వాళ్ళ బాల్కనీలో ఉన్నాం. నాలో కొత్తిమీర చల్లారు, నా జతలో పుదీనా నాటారు. పుదీనా గుబురుగా పెరిగింది, నా కొత్తిమీర ఇంకా మొలకెత్తలేదు. వచ్చినవాళ్ళందరూ ఎడమకాలి బూటునే మెచ్చుకుంటున్నారు.