సాంబయ్య చుట్టూ కంచె

లక్ష్మీరాజం పాడెను విగ్రహం ముందు దించనివ్వలేదు పోలీసులు.

సాంచాల షెడ్డులో, నడుస్తున్న మరమగ్గం పక్కనే కూలిపోయాడు లక్ష్మీరాజం. షెడ్డు యజమాని సేటు శవాన్ని గేటు బయట వేయించి, "రోడ్డు మీద పడి సచ్చిండు, మాకేం సంబంధం?" అన్నాడు. కార్మికులు పాడె కట్టి బజారులోని సాంబయ్య విగ్రహం దగ్గరికి మోసుకొచ్చారు. సాంబయ్య వాళ్ల సంఘం పెట్టినవాడు, సమ్మెలో పోలీసు కాల్పులకు బలైనవాడు. ఏ కార్మికుడు పోయినా అక్కడ దించి, న్యాయమడిగాకే కాటికి తీసుకుపోతారు.

ఇప్పుడక్కడ ఇనుప కంచె. సర్కారు విగ్రహాన్ని రక్షిత స్మారకం చేసింది. గుమిగూడితే నేరమని బోర్డు పెట్టింది.

సాంబయ్య భార్య యాదవ్వ కంచె పట్టుకుని నిలబడింది. విగ్రహం కింది గద్దె కట్టేటప్పుడు ఇసుక మోసింది ఆమే.

"సారూ, గాయన నా పెనిమిటి. జర తాళం తియ్యి."

"ఇప్పుడు నీ ఒక్కదానోడు కాదవ్వా, అందరోడు," అన్నాడు సీఐ. "రేపు మంత్రిగారొచ్చి దండేస్తరు."

"ఎవన్ని ఎంట వెట్టుకొని? గా సేటునే గదా!" అరిచింది నూలు కండెలు చుట్టే బాలలక్ష్మి.

జవాబుగా లాఠీలు లేచాయి. యాదవ్వ కంచెలోంచి చెయ్యి చాపింది. గద్దె అందలేదు. పోలీసులే పాడెను మున్సిపాలిటీ బండిలోకి ఎక్కించారు. జనం ఏడుస్తూ వెనకాల పరుగెత్తారు.

మానేరు వాగు ఒడ్డున చితి కూడా పోలీసులే పేర్పించారు.

"ఊఁ, జల్ది కానియ్యి," అన్నాడు సీఐ.

లక్ష్మీరాజం ఒక్కగానొక్క కూతురు సృజన కొరివి పట్టుకుని యాదవ్వ వైపు చూసింది. "అవ్వా, నాకు చాతనైతలేదు."

"పెట్టకు బిడ్డా," అంది యాదవ్వ. "సాంబయ్యను గుంజుకున్నరు. మీ బాపునన్న ఇయ్యద్దు. సేటు ఈడికొచ్చి, నా షెడ్డుల సచ్చిండని మంది ముంగట ఒప్పుకోవాలె."

సంఘంలో పెద్దవాడు అంజన్న అడ్డొచ్చాడు. "పీనుగను ఆపుతరా యాదక్కా? తప్పు గదా!"

"తప్పే అంజన్నా. ఇంకేం మిగిలింది మన చేతుల? నువ్వే చెప్పు."

అంజన్న అడ్డు తొలిగాడు.

సృజన కొరివిని తడి ఇసుకలోకి గుచ్చింది. జనం చితి చుట్టూ కూర్చున్నారు.

పోలీసులు యాదవ్వను రెక్కలు పట్టి లేపారు. పెనుగులాడే సత్తువ ఆమెకు లేదు. వ్యాను ఎక్కిస్తుంటే ఒక్కసారి వెనక్కి చూసింది. ఆమె లేచిన చోట అప్పటికే అంజన్న కూర్చుని ఉన్నాడు.