రెండో పలక

రాతిపలకను ఇసుకసంచి మీద నిలబెట్టి, అంచున ఉలి ఆనించి, సుత్తితో చిన్నగా తట్టాడు రాళ్ళాయన. ముప్పై ఏళ్ళుగా మ్యూజియంలో అతని పని ఇదే. మూడో దెబ్బకు పలక రెండుగా విడిపోయింది. లోపల ఆకు అచ్చు గానీ, పురుగు అచ్చు గానీ ఏమీ లేదు. అయినా రెండు ముక్కలనూ అనుమానంగా తిప్పి చూశాడు. రాయినైనా సరే, ఊరికే నమ్మే మనిషి కాడు. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాడు, నాలుగోసారి భార్య చేత లాగిస్తాడు.

ఇవాళ అతని అనుమానమంతా ఎదుటి బల్ల దగ్గరి చీటీలమ్మ మీదే. రాళ్ళకు నంబర్లు రాసి అంటించే ఆవిడను అందరూ అలాగే పిలుస్తారు. ఆవిడకు ఇది ఆఖరి రోజు. సాయంత్రం బస్సుకు చెల్లెలి ఊరు వెళ్ళిపోతోంది. రేపు కొత్త అధికారి సొరుగులన్నీ తనిఖీ చేస్తాడు. తూనీగ రెక్క అచ్చుపడిన రాయిలో రెండో పలక చూస్తే కనిపించడం లేదు.

ఎప్పటిదో ఒక చెరువు. తూనీగ అందులో పడింది. కుళ్ళేలోగానే మెత్తని బురద దాన్ని గాలి తగలకుండా కప్పేసింది. పొర మీద పొర పడి, ఆ బరువుకు బురద రాయైంది. రెక్క ఈనెలతో సహా పల్చని నల్లమరకగా మిగిలింది. అలాంటి రాయి చీలితే ఒకే రెక్క రెండు పలకల మీదా కనిపిస్తుంది, ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మలా. తవ్వినచోట రాసిన పుస్తకంలో రెండు పలకలనే ఉంది. రెండో సొరుగులో ఉన్నది ఒక్కటే. సొరుగుల తాళాలు వాళ్ళిద్దరి దగ్గరే ఉన్నాయి. తను తీయలేదు.

"అన్నయ్యగారూ, పొద్దుట్నుంచీ నన్నే చూస్తున్నారు. ఏమైనా కావాలా?"

"అబ్బే, ఏం లేదమ్మా," అని నీళ్ళు నమిలాడు.

ఆవిడ సంచీ సర్దుకోవడం, ఆకులు అచ్చుపడిన రాళ్ళ పెట్టెను ఒకసారి నిమరడం, అన్నీ కళ్ళలో వత్తులు వేసుకుని చూశాడు. అడిగేస్తే పోయేది. ముప్పై ఏళ్ళు ఎదురుగా కూర్చున్న మనిషిని ఏ మొహం పెట్టుకుని అడగడం? అడగలేక, అంతకంటే పాడుపని చేశాడు. నాలుగింటికి గేటు దగ్గరికి వెళ్ళి వాచ్‌మన్ చెవిలో ఊదాడు.

అయిదింటికి వాచ్‌మన్ ఆవిడ సంచీని గేటు దగ్గరి బల్ల మీద బోర్లించాడు. దువ్వెన, కళ్ళజోడు, ఊలు ఉండ, టిఫిన్ డబ్బా. మూత తీసి డబ్బాలోకి కూడా తొంగిచూశాడు.

"ఏం పోయింది బాబూ?"

"ఏదో తూనీగ రెక్కంటమ్మా. సారే చూడమన్నారు."

ఆవిడ వెనక్కి తిరిగి రాళ్ళాయనను చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. అదే అతను తట్టుకోలేకపోయాడు.

"అది పోలేదన్నయ్యగారూ, ఆరో సొరుగులో ఉంది. కొత్తల్లో మీరే ఒకదానికి ఎడమ రెక్కనీ, ఇంకోదానికి కుడి రెక్కనీ రాయించి, వేర్వేరు సొరుగుల్లో పెట్టించారు. రెండూ ఒకే రెక్క. చెబితే నొచ్చుకుంటారని ఇన్నాళ్ళూ ఊరుకున్నా. రేపు మీకు మాట రాకూడదని పొద్దున్నే చీటీ మార్చేశాను."

బస్సుకు వేళైందని అన్నీ ఆదరాబాదరాగా సంచీలో కుక్కుకుని వెళ్ళిపోయింది. 

రాళ్ళాయన సొరుగులున్న మేడ మీదికి పరుగెత్తాడు. ఆరో సొరుగులో పలక, దాని మీద ఆవిడ గుండ్రటి అక్షరాలు: "జత రెండో సొరుగులో ఉంది." రెండింటినీ ముఖాముఖి ఆనించాడు. వెంట్రుక దూరే సందు లేకుండా కలిసిపోయాయి. అతనికి తల కొట్టేసినట్టయింది.

గబగబా కిందికి దిగేసరికి వాచ్‌మన్ గేటు మూస్తున్నాడు. బస్సు ఎప్పుడో పోయింది. బల్ల మీద, ఆవిడ టిఫిన్ డబ్బా మూత ఒక్కటే వెల్లకిలా ఉండిపోయింది.