కళ్ళు మూసిన ఓటు

అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి ఉత్తరాన కొండల నడుమ ఉన్న ఆ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదానిలో, పాలన చూసే కమిషన్ సభ ప్రార్థనతోనే మొదలవుతుంది. నెలకొక పాస్టరు వంతు. ఈ నెల వెర్లిన్ లెడ్‌ఫర్డ్ వంతు వచ్చింది. ఖర్మ కాలి అదే సభలో వంతెన వంతు కూడా వచ్చింది.

వాగు మీది పాత వంతెనను బాగుచేయాలా, మూసేయాలా అని ఐదుగురు కమిషనర్లు ఆ సాయంత్రం ఓటు వేస్తారు. వంతెనకు ఇవతల ఊరు, అవతల వెర్లిన్ గారి బాప్టిస్టు చర్చి. మూసేస్తే జనం కొండంతా చుట్టి రావాలి. ఆయన సంఘంలో సగం మందికి ప్రార్థనకు వంగడానికే మోకాళ్ళు మొరాయిస్తాయి, ఇక కొండ చుట్టేదెక్కడ? చివరికి చర్చిలో మిగిలేది గంట, ఆ గంట కొట్టే వెర్లిన్, గంటల తరబడి ఆయన ప్రసంగం వినడానికి భార్య నడీన్.

ఈ గోడు ఆయన సభలో నిలబడి చెప్పుకోవలసింది. కానీ మాట్లాడదలచినవాళ్ళు ముందే పేరివ్వాలి. పేరివ్వాల్సిన పూట చర్చిలో ఎవరిదో అంత్యక్రియల భోజనం, వేయించిన చికెన్ ధ్యాసలో పడి ఆయన పేరివ్వడం మరిచాడు. ఇక దిక్కు ప్రార్థనే. ప్రార్థనకు గడువు లేదు, మధ్యలో ఆపే మొనగాడూ లేడు. ఈ కుయుక్తి ముందే పసిగట్టిన నడీన్, దేవుడికి దండం పెట్టి రమ్మంది గానీ దేవుణ్ణి వంతెన కాంట్రాక్టరును చేయొద్దని గట్టిగా చెప్పి పంపింది. ఆయన సరేనన్నాడు. నిజంగానే అన్నాడు.

సభ నిండిపోయింది. ఐదుగురు కమిషనర్లలో ఒకరూ, సభకు అధ్యక్షురాలూ అయిన వాండా డయ్యర్ అందరినీ తల వంచమంది. వంచనిది వెనక వరుసలో జూడిత్ కెస్లర్ ఒక్కతే. రిటైరైన సైన్సు టీచరు. సర్కారు సభలో ప్రార్థన ఏమిటని ప్రతి నెలా లేచి అభ్యంతరం చెబుతుంది. అందరూ ఆమెన్ అన్నా ఆమె ఆమెన్ అనదు. అయినా ఆమెను పల్లెత్తు మాట అనేవాడు లేడు. సగం కౌంటీకి కప్పను కోయడం నేర్పింది ఆమే మరి.

వెర్లిన్ బుద్ధిగానే మొదలుపెట్టాడు. దేశాన్ని దీవించమన్నాడు, సైనికులను కాపాడమన్నాడు, మొక్కజొన్నకు వాన అడిగాడు. అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. కానీ నాలుకకు ఆదివారం అలవాటుంది. బాప్టిస్టు చర్చిలో ప్రసంగం ముగిశాక అందరూ కళ్ళు మూసుకుంటారు, మనసు కరిగినవాళ్ళు చెయ్యెత్తుతారు, ఎవరెత్తారో పాస్టరుకు తప్ప పక్కవాడికి తెలియదు. స్తుతిగా మొదలైన ప్రార్థన వినతి మీదుగా జారి జారి ఆ గాడిలోనే పడింది.

"ఒక్క తల కూడా ఎత్తకండి, ఒక్క కన్ను కూడా తెరవకండి" అన్నాడు మెత్తగా. "వాగు దాటి చర్చికి రావాల్సినవాళ్ళ మీద ఎవరి మనసు కరిగిందో వాళ్ళు మెల్లగా చెయ్యెత్తండి. నేనూ దేవుడూ తప్ప ఎవరూ చూడరు."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. కళ్ళు తెరిచి చూస్తే వాండా చెయ్యి లేచి ఉంది. వంతెన కావాలన్న మరో కమిషనరు చెయ్యీ లేచింది. ఆ పక్కన హాలిస్ ఛాస్టెయిన్ చెయ్యి! కొత్త ఖర్చు ఒక్క సెంటు కూడా ఒప్పుకోనని చెప్పి కమిషనరుగా గెలిచి, నెల్లాళ్ళుగా వంతెన మూసేయమని ఊరంతా చాటుతున్న హాలిస్. పుట్టి పెరిగింది బాప్టిస్టుల ఇంట్లో కదా, పాస్టరు అడగ్గానే హాలిస్‌ను అడగకుండానే చెయ్యి లేచింది. వెర్లిన్ అలవాటుగా "చూశాను బ్రదర్, దించెయ్యి" అని, గబగబా ఆమెన్ చెప్పి కూలబడ్డాడు.

వెనక వరుసలో జూడిత్ ఆయన్నే చూస్తోంది. ఆమె కళ్ళు మూసుకోలేదు. అన్నీ చూసింది.

చర్చ మొదలైంది. వంతెన మూయాల్సిందేనని హాలిస్ ఎప్పటి పాటే పాడాడు, కాకపోతే ఈసారి శ్రుతి తగ్గింది. తర్వాత, ప్రతి నెలలాగే ముందే పేరిచ్చిన జూడిత్ లేచింది. ఎప్పటి అభ్యంతరమేలే అని జనం కుర్చీల్లో వెనక్కి వాలారు.

"నేను కళ్ళు మూసుకోనని అందరికీ తెలుసు" అంది జూడిత్. "ఇవాళ నేను చూసింది చెప్పమంటారా, పాస్టర్ గారూ?"

హాలిస్ మొహం పాలిపోయింది. వెర్లిన్ తల ఊపితే చాలు, ఆ మూడో చెయ్యి బయటపడుతుంది, వంతెన నిలుస్తుంది, చర్చి నిలుస్తుంది. ఆయన తల ఊపలేదు. ముందు కుర్చీ పట్టుకుని లేచాడు.

"వద్దండీ మిస్ కెస్లర్. అవి నన్ను నమ్మి ఎత్తిన చేతులు. అడగకూడని చోట అడిగింది నేను. దేవుడి పేరు చెప్పి ఓట్లు దేవులాడాను. వంతెన పోతే పోతుంది, ఆ చేతుల సంగతి మాత్రం చెప్పకండి."

"ఇన్నాళ్ళుగా నా అభ్యంతరమూ అదే" అని జూడిత్ కూర్చుంది. సభలో నవ్వు ఇటునుంచి అటు పాకింది. వెర్లినూ నవ్వాడు, నవ్వక చస్తాడా.

వాండా ఓటుకు పిలిచింది. హాలిస్ గొంతు సవరించుకుని, అందరూ ఒకసారి కళ్ళు మూసుకుంటే బాగుంటుందేమో అని గొణిగాడు.

"కుదరదు హాలిస్. ఇక్కడ ఓటు అందరి కళ్ళెదుటే వెయ్యాలి, చట్టం" అంది వాండా. "వంతెన ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి."

రెండు చేతులు లేచాయి. హాలిస్ తన చెయ్యి వంక చూసుకున్నాడు. కళ్ళు మూసుకున్నప్పుడు దూదిలా లేచిన చెయ్యి ఇప్పుడు ఇనప దూలంలా ఉంది. ముందు మోచెయ్యి కదిలింది, తర్వాత మణికట్టు. చివరికి మొత్తం చెయ్యి లేచి, జనమంతా చూస్తుండగా గాలిలో నిలబడింది. ముగ్గురికి ఇద్దరు. వంతెన నిలిచింది.

ఒక్క సెంటూ ఇవ్వనన్నావు కదా అని ఎవరో మూలనుంచి దెప్పితే, సెంట్ల మాట ఇచ్చాను గానీ వంతెనల మాట ఇవ్వలేదని హాలిస్ బుకాయించాడు. బయట కార్ల దగ్గర మాత్రం వెర్లిన్‌ను పక్కకు లాగాడు.

"వచ్చే నెల ప్రార్థన ఎవరిది పాస్టర్ గారూ?"

"మెథడిస్టు చర్చివాళ్ళది."

"వాళ్ళు చేతులెత్తించరు కదా?"

"ఎత్తించరు."

"దేవుడికి స్తోత్రం" అన్నాడు హాలిస్, మనస్ఫూర్తిగా.