ఎవరి షుగర్ ఇది

పరీక్షకు రక్తం నేనిస్తానని నేనే అన్నాను. కోడలు ఒప్పుకోలేదు.

"మీరెందుకు అత్తయ్యా? అక్కడ మీ అబ్బాయి కూడా ఉంటాడు."

"వాడుంటాడనే వస్తున్నా" అన్నాను.

నా కొడుకూ కోడలూ ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లు. ఆస్పత్రులకు రక్తపరీక్ష యంత్రాలు తయారుచేసే కంపెనీ. యంత్రంలోని మీటరుకూ కంప్యూటరుకూ మధ్య కబుర్లు మోసే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. అందులో కింది సగం కోడలు రాసింది, పై సగం కొడుకు రాశాడు. కింది సగం వెళ్లి మీటరును అంకె అడుగుతుంది. తీగ కాస్త కదిలినా మీటరు ఒక్కోసారి జవాబివ్వదు. అప్పుడు కింది సగం పైకి వచ్చి "చదవలేకపోయాను" అని చెబుతుంది. పై సగం ఆ మాట విని అక్కడితో ఆగాలి. నా కొడుకు రాసింది వినదు. అంకె వచ్చి పడాల్సిన గడిలో ఏముంటే అదే తెచ్చి తెర మీద పెడుతుంది. ఆ గడిలో ఉండేది అంతకుముందు మనిషి అంకె.

ఇది నా బుర్రకెక్కేదాకా కోడలిని విసిగించాను.

"మరి వాడు ఆ మాట వినేలా ఎందుకు రాయలేదే?"

"అది ఎప్పుడూ ఫెయిల్ కాదులే అనుకున్నాడు అత్తయ్యా."

ఆ 'కాదులే'తో ఒక ఆస్పత్రిలో ఒకావిడకు వేరేవాళ్ల షుగర్ వచ్చింది. నర్సు అది చూసి ఇన్సులిన్ ఇచ్చింది. ఆవిడ కళ్లు తేలేసింది. ఎలాగో ప్రాణం దక్కింది. కంపెనీలో విచారణ పెట్టారు. "మీటరుతో మాట్లాడే భాగం మా ఆవిడది" అన్నాడు నా కొడుకు. అందులో అబద్ధం లేదు. నా ఒళ్లు మండింది అందుకే. కోడలు యంత్రం ముందు ఎంతసేపు కూర్చున్నా తప్పు మళ్లీ కనబడలేదు. చూస్తున్నంతసేపూ అది బుద్ధిగా పనిచేసింది. కోడలి ఉద్యోగం పోయింది. ఇంకో చోటికి వెళ్తే, ఆమెకంటే ముందు ఆ కబురు వెళ్లి కూర్చునేది.

ఒక ఉదయం బట్టలు సర్దుకుంది. గుమ్మం దగ్గర కాసేపు చెప్పులు వెతికినట్టు నటించింది, వాడు ఉండమంటాడేమోనని. వాడు ఫోనులోంచి తలెత్తలేదు. నేను చాలామందిని సాగనంపాను. కట్టుకున్నవాణ్ణి, తోబుట్టువును. ఇంకొకరిని సాగనంపి తలుపేసుకునే శక్తి నాలో లేదు. నా సంచీ కూడా తెచ్చి ఆమె పెట్టె పక్కన పెట్టాను.

ఆమె కంపెనీ వదిలి వచ్చేశాక కూడా యంత్రం అదే తప్పు చేసింది. "ఆవిడ పాత కోడ్ ఇంకా అందులో ఉంది, పిలిచి బాగుచేయిద్దాం" అన్నాడట నా కొడుకు. కంపెనీ యజమాని ఫోన్ చేశాడు. "వస్తాను. కానీ అందరి ముందూ చేస్తాను, ఆ నర్సు కూడా ఉండాలి" అంది కోడలు.

పొడవాటి గది. మధ్యలో బల్ల మీద యంత్రం. చుట్టూ కంపెనీవాళ్లు, యజమాని, చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్న నర్సు. నన్ను చూసి కొడుకు తెల్లబోయాడు.

"అమ్మా, నువ్వేంటి ఇక్కడ?"

"షుగర్ చూపించుకుందామని వచ్చా నాయనా. ఇక్కడ బాగా చూస్తారట."

ఎవరో కిసుక్కున నవ్వారు. నర్సు నా చేతి నుంచి రక్తం తీసి యంత్రంలో పెట్టింది. మూడు వందల పద్దెనిమిది.

"ఇంతుందేంటమ్మా! మందులు వేసుకోవట్లేదా?" అన్నాడు యజమాని.

"మనశ్శాంతికి మందు దొరకట్లేదండీ."

కోడలు తన లాప్‌టాప్ యంత్రానికి తగిలించింది.

"తీగ ఎప్పుడు కదులుతుందా అని అప్పుడు ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నేనే కదుపుతాను. నేను చెప్పినప్పుడు మీటరు చదవకుండా అడ్డుకునే ప్రోగ్రాం ఇది. యంత్రం బయటికి వెళ్లకముందే ఈ పరీక్ష పెడదామన్నాను. గడువు దాటిపోతుందని ఈయన వద్దన్నారు."

ఈయన! కాపురం చేసినన్నాళ్లూ 'నువ్వు' అని పిలిచిన మనిషిని. వాడి మొహంలో నెత్తురు లేదు.

"తరువాతి శాంపిల్ మీరే పెట్టండి" అంది వాడితో. "ఆ సీసాలోని మంచినీళ్లు చాలు."

వాడు గొట్టంలో నీళ్లు పోశాడు. పోశాక విషయం తట్టినట్టుంది, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఇది సరైన పద్ధతి కాదు సార్..."

"పెట్టవయ్యా" అన్నాడు యజమాని.

తెర మీద మూడు వందల పద్దెనిమిది.

"నీళ్లకు షుగరా!" అంది నర్సు.

కోడలు లాప్‌టాప్‌ను అందరికీ కనబడేలా తిప్పింది. కింది సగం "చదవలేకపోయాను" అని చెప్పిన సంగతి అక్కడుంది. పై సగం దాన్ని పట్టించుకోలేదని కూడా అక్కడే ఉంది.

"ఇంకోసారి పెట్టించమ్మా" అన్నాను.

వాడు మళ్లీ పెట్టాడు. మళ్లీ నా షుగరే.

"ఈసారి ఖాళీ గొట్టం" అన్నాను.

ఖాళీ గొట్టానికీ నా షుగరే. వాడి చెవులు ఎర్రబడ్డాయి. కన్నతల్లిని, నాకే అంత తియ్యగా ఉంటుందనుకోలేదు.

"తప్పు ఈ అమ్మాయిది కాదు. అందరూ వినండి" అన్నాడు యజమాని. కోడలికి అది చాలలేదు. నర్సు వైపు చూపించి వాడితో అంది: "ఆవిడకు చెప్పండి. మీ నోటితో."

వాడు నర్సు వైపు తిరిగాడు. "అది నా భాగమేనండీ. జవాబు చూడకుండా వదిలేశాను. ఈమె మీదకు నెట్టాను."

"ఆ పేషెంటు ఇప్పటికీ నా చేత సూది వేయించుకోదు" అంది నర్సు.

యజమాని ఊపిరి పీల్చుకున్నాడు. "పోనీలే, తప్పెక్కడో తెలిసిందిగా. కాస్త బాగుచేసి పెట్టమ్మా. రేపటి నుంచే ఉద్యోగంలోకి రా."

కోడలు లాప్‌టాప్ మూసింది. "నా సగం బాగానే ఉందండీ" అని నా చెయ్యి పట్టుకుంది.

వరండాలో కొడుకు వెనకాలే వచ్చాడు.

"అమ్మా, నీ షుగర్ నిజంగా అంతుందా?"

"నీ యంత్రమేగా చెప్పింది. నమ్మకం లేదా?"

వాడు ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు. ఇంకేదైనా అంటే కరిగిపోతానేమోనని గబగబా మెట్లు దిగాను.